నింజా కత్తి నిటారుగా ఉండేదా?

జపాన్ యోధులైన సమురాయ్‌ల కత్తి వంపుగా ఉంటే నింజా కత్తి నిటారుగా ఎందుకుంటుందని ఎనిమిదో తరగతి కుర్రాడొకడు అడిగాడు. నిజానికి నింజాలు వాడారని చెప్పదగ్గ పాతకాలపు నిటారు కత్తి ఒక్కటి కూడా దొరకలేదు. ఆ రూపం 20వ శతాబ్దంలో సినిమాల వల్ల పాకింది. నింజాలంటే గూఢచారులే; జపాన్‌లోని ఇగ, కోకా ప్రాంతాల గూఢచారులు సన్యాసులుగా, వర్తకులుగా వేషం వేసుకుని తిరిగేవాళ్ళు. ఎవరి దగ్గరా లేని రకం కత్తి పట్టుకు తిరిగితే ఇట్టే దొరికిపోరూ? 1681 నాటి 'షోనిన్‌కి' గ్రంథం గూఢచారి వెంట ఉండాల్సిన ఆరు వస్తువులు చెబుతుంది: వెడల్పాటి టోపీ, కొక్కెం తాడు, రాత పుల్ల, మందులు, తువ్వాలు, నిప్పు రాజేసే సరంజామా. వాటిలో కత్తి లేదు.

నన్ను పట్టి లాగేది మాత్రం సమురాయ్ కత్తిలోని ఆ వంపు. అదంతా సుత్తితో కొట్టి తెచ్చిందని చాలామంది అనుకుంటారు. కానీ అందులో చాలా భాగం నీళ్ళలో, కొన్ని క్షణాల్లో, దానంతటదే వస్తుంది!

కమ్మరి ముందుగా బంకమట్టిలో బొగ్గుపొడి కలిపి కత్తి వెన్నుకు మందంగా, కోసే అంచుకు పల్చగా పూస్తాడు. కాలిన ఉక్కు రంగు చూసి వేడిని అంచనా కట్టాలి కాబట్టి గది చీకటి చేసుకుంటాడు. 750 డిగ్రీలు దాటాక నీళ్ళలో ముంచుతాడు. అంచు ముందుగా చల్లబడి కుంచించుకుపోతుంది, కత్తి కిందికి, అంటే అంచు వైపుకు వంగుతుంది. చల్లబడితే లోహం కుంచించుకుపోతుందని బళ్ళో చెప్పి అక్కడితో ఆపేస్తాం. అసలు కథ ఆ తర్వాతే ఉంది. అంచు 300 డిగ్రీల దిగువకు వచ్చేసరికి ఉక్కులో అణువుల అమరికే మారిపోతుంది. వేడిలో ఇనుప అణువులు 74 శాతం చోటు నింపేలా బిగుతుగా సర్దుకుని ఉంటాయి. చల్లని ఇనుము అమరికలో అవి నింపేది 68 శాతమే. నెమ్మదిగా చల్లబడితే ఉక్కులో ఇనుముతో కలిసి ఉన్న కార్బన్ తప్పుకుంటుంది. ఇక్కడ దానికి ఆ వ్యవధి లేదు, మధ్యలో ఇరుక్కుపోయి అమరికను ఇంకా సాగదీస్తుంది. ఇదే మార్టెన్‌సైట్. గాజులా గట్టిది, పెళుసుది, అన్నిటికన్నా ముఖ్యంగా ఎక్కువ చోటు ఆక్రమించేది. అంచు పొడవు పెరుగుతుంది. మట్టి దుప్పటి కింద వెన్ను ఇంకా వేడిగా, మెత్తగా ఉంటుంది, తీరిగ్గా చల్లబడుతూ కుంచించుకుపోతుంది. ఇస్త్రీపెట్టెలో రెండు లోహాల పట్టీ వేడికి వంగినట్టే, ఒక పక్క పొడుగై, రెండో పక్క పొట్టిదై కత్తి ఈసారి వెన్ను వైపుకు లేస్తుంది. ఆ క్షణంలో కత్తిలోకి ఆత్మ దిగుతుందని కథలున్నాయి. కార్బన్ చేసే ఈ పని నాకు అంతకన్నా అద్భుతంగా అనిపిస్తుంది.

జపాన్‌లో మొదట్లో నిటారు కత్తులే ఉండేవి, వంపు కత్తులు 10వ శతాబ్దం ప్రాంతంలో నిలదొక్కుకున్నాయి. ఈ మట్టి పద్ధతిలో నిటారు కత్తి కావాలంటే, నీళ్ళలో రాబోయే వంపును లెక్కేసి, కమ్మరి ముందే కత్తిని అంచు వైపుకు అంత మేర వంచి ఉంచాలి. నీళ్ళకు బదులు నూనెలో ముంచితే కత్తి మెల్లగా చల్లబడుతుంది, అప్పుడు తరచూ ఆ మొదటి వంపే, అంచు వైపుకు, అలాగే మిగిలిపోతుంది.