వదిలేసిన ప్యాకెట్టు, పోయిన ప్యాకెట్టు

హనుమకొండ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ కాలేజీ ల్యాబ్‌లోని లినక్స్ సర్వర్‌లో ‘డ్రాప్డ్’ అన్న అంకె (నెట్‌వర్క్ మీద వచ్చే డేటా ముక్కల్లో, అంటే ప్యాకెట్లలో, సర్వర్ వదిలేసినవాటి లెక్క) గంటగంటకూ పెరుగుతున్నదని, కేబుల్ మార్చినా ఆగలేదని రాశారు. కేబుల్‌ను తప్పుపట్టే ముందు ఆ అంకెలో ఏమేమి కలిసి ఉన్నాయో చూడవలసింది.

కాజీపేట జంక్షన్‌లో సికింద్రాబాద్ బండి కదిలిపోయాక ప్లాట్‌ఫాం మీద మిగిలినవాళ్లలో కొందరు జనరల్ బోగీలో కాలు పెట్టే చోటు లేక ఆగిపోయినవాళ్లు, మరికొందరు బల్లార్షా బండి కోసం కూర్చున్నవాళ్లు. ఇద్దరినీ కలిపి ‘బండి తప్పినవాళ్లు’ అని లెక్క రాస్తే, బోగీలు పెంచాలా వద్దా అన్నది ఆ లెక్క చూసి ఎవరూ చెప్పలేరు.

లినక్స్‌లో అసలు పని నడిపే కెర్నెల్‌లోనూ అదే జరిగింది. ప్యాకెట్లు వచ్చే వేగానికి ప్రాసెసర్ అందుకోలేక, అవి తమ వంతు కోసం ఆగే బ్యాక్‌లాగ్ వరుస నిండిపోతే (దాని పరిమితి మామూలుగా 1000 ప్యాకెట్లు) కొత్తగా వచ్చినది పోతుంది. అది నిజమైన నష్టం. ల్యాబ్ యంత్రాలను కలిపే స్విచ్ తన ఉనికిని చాటుకోవడానికి మాటిమాటికీ పంపే ఎల్ఎల్‌డిపి ప్యాకెట్ సంగతి వేరు. దాన్ని అందుకునే ప్రోగ్రాం సర్వర్‌లో లేకపోతే కెర్నెల్ పక్కన పెడుతుంది, దానివల్ల ఎవరికీ ఏమీ పోదు. అయినా 2011 జనవరిలో వచ్చిన 2.6.37 వెర్షన్ నుంచి ఇటువంటి వాటిని కూడా ఆ ‘డ్రాప్డ్’ అంకెలోనే కలిపారు. ఏ ప్యాకెట్‌నూ లెక్క తప్పించకూడదన్న ఉద్దేశం మంచిదే కానీ, రెండింటికీ ఒకే పేరు పెట్టడం మాత్రం నాకు ఏనాడూ నచ్చలేదు.

ఇందులో ఒక తమాషా ఉంది. సంగతేమిటో చూద్దామని, వచ్చే ప్యాకెట్లను పట్టి చూపించే టీసీపీడంప్ ప్రోగ్రాం నడిపితే, ఆ అంకె పెరగడం ఒక్కోసారి ఆగిపోతుంది. ప్రతి ప్యాకెట్‌నూ టీసీపీడంప్ అందుకుంటుంది కనుక, ‘తీసుకునేవాళ్లు లేరు’ అనడానికి కెర్నెల్‌కు అవకాశం ఉండదు. మీ దగ్గరా అలా ఆగితే పోతున్నవి అక్కరలేని ప్యాకెట్లేనని అనుమానించవచ్చు.

కెర్నెల్ రాసేవాళ్లు ఈ తేడాను మెల్లమెల్లగా సరిదిద్దుకుంటూ వచ్చారు. పని పూర్తయిన ప్యాకెట్ మెమరీని విడుదల చేయడానికి 2009లో ‘కన్స్యూమ్ ఎస్‌కెబి’ (ఎస్‌కెబి అంటే కెర్నెల్ ప్యాకెట్‌ను పట్టి ఉంచే పాత్ర) అన్న వేరే ఫంక్షన్ తెచ్చి, పారేసేవాటిని ‘కేఫ్రీ ఎస్‌కెబి’కే వదిలారు. 2022లో వచ్చిన 5.17 నుంచి పారేసేటప్పుడు కారణం కూడా చెప్పడం మొదలైంది: అందుకోవడానికి ఏ ప్రోగ్రామూ తెరిచి ఉంచిన సాకెట్ లేదనో, డేటా చెడిందేమో చూసే చెక్‌సమ్ తప్పిందనో. తర్వాతి వెర్షన్లలో ఈ పట్టిక ఇంకా పెరిగి, ‘ఈ ప్రోటోకాల్‌ను పట్టించుకునేవారు లేరు’, ‘ఇది వేరే యంత్రానికి వచ్చినది’ అన్న కారణాలు కూడా చేరాయి.

కాబట్టి ముందు మీ కెర్నెల్ వెర్షన్ చూడండి. అది కొత్తదైతే పారేసిన ప్రతి ప్యాకెట్‌నూ నమోదు చేసే కేఫ్రీ ఎస్‌కెబి ట్రేస్‌ను ఒక గంట నడిపి, ఏ కారణం ఎన్నిసార్లు వచ్చిందో నాకు రాయండి. అప్పటిదాకా ఆ పాత కేబుల్‌ను పారేయకండి.

మీ తాతయ్య