పాత లారీ క్యాబిన్‌లో వాన నీళ్లు: అపోహలు - వాస్తవాలు

వానలు పడగానే మా షెడ్డు ముందు ఆగే పాత లారీల్లో చాలావాటిది ఒకటే కంప్లయింటు. కోస్తా డ్రైవర్లు "క్యాబిన్ కారుతోంది" అంటారు, తెలంగాణ వైపు వాళ్లు "ఉరుస్తోంది" అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ పని పట్టి 22 ఏళ్లయింది. ఇంజను పనికంటే ఈ పనికే ఎక్కువ ఓపిక కావాలని నా అనుభవం. రంధ్రం మూయడానికి పావుగంట చాలు. అది ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు ఇవ్వడానికి ఓనర్లకు మనసొప్పదు. అందుకే ఇది రాస్తున్నాను.

పాత లారీ అంటే టాటా 1210, 1613, లేలాండ్ కామెట్ లాంటి బళ్లు. అప్పట్లో చాలా బళ్లకు కంపెనీ నుంచి ఇంజను, చాసిస్, ముందు మొహం వరకే వచ్చేవి. మిగతా క్యాబిన్ ఇక్కడి షెడ్లలోనో, తమిళనాడులో నామక్కల్ వైపో చెక్క ఫ్రేము మీద రేకు కొట్టి కట్టేవాళ్లు. ఒక మేస్త్రీ కట్టిన క్యాబిన్ ఇంకో మేస్త్రీ కట్టినట్టు ఉండదు. కాబట్టి పక్క బండికి పనికొచ్చిన రిపేరు మీ బండికీ పనికొస్తుందని అనుకోవద్దు.

అపోహ: నీళ్లు ఎక్కడ పడుతుంటే రంధ్రం అక్కడే ఉంటుంది.

నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి. రేకు అడుగు భాగాన్ని పట్టుకుని నీళ్లు పాకుతాయి. చెక్క పట్టీ దొరికితే దాని వెంట పోతాయి, వైరు దొరికితే వైరు వెంట దిగుతాయి. ఎక్కడ అంచు వస్తే అక్కడ చుక్కగా పడతాయి.

మొక్కజొన్న లోడ్లు తోలే 1613 ఒకటి వచ్చింది. క్లీనరు కాళ్ల దగ్గర, డ్యాష్‌బోర్డు కింద వైర్ల గుత్తి మీద చుక్కలు పడుతున్నాయి. అప్పటికే వేరే రెండు షెడ్లలో చూపించారు. రెండు చోట్లా ఎడమవైపు అద్దం మూలకి సిలికాన్ పూసి పంపారు. డ్రైవరన్న ఒక మాట చెప్పాడు: "ఆగి ఉన్నప్పుడు ఏమీ లేదన్నా, రోడ్డెక్కితే కారుతుంది. బ్రేకు కొడితే చెంబుతో పోసినట్టు పడుతుంది." ఆ మాటతో నాకు సగం అర్థమైంది. బ్రేకు కొట్టినప్పుడు ఒక్కసారిగా పడుతున్నాయంటే పైన ఎక్కడో నీళ్లు నిలిచి ఉన్నాయన్నమాట.

టాపు లోపలి రెక్సిన్ మేకులు ఊడదీశాం. దాని వెనక స్పాంజి నీళ్లు తాగి బరువెక్కి ఉంది, పిండితే ముదురు టీ రంగులో కారింది. స్పాంజి తీసేశాక చెక్క పట్టీ మీద గోధుమరంగు చార ఒకటి కనిపించింది. వేలు పెట్టి దాని వెంటే వెళితే, డ్రైవరు తల మీదుగా కుడివైపు వెనక మూలకి తీసుకెళ్లింది. అక్కడ ఎప్పుడో తీసేసిన క్యారియర్ క్లాంపు బోల్టు రంధ్రాలు నాలుగున్నాయి. మూడు మూసి ఉన్నాయి. నాలుగోది పెయింటు పొర కింద దాక్కుని ఉంది, అగ్గిపుల్ల దూరేంత. మన రోడ్లు ఎడమ అంచుకి వాలుగా ఉంటాయి కదా, బండి నడిచేటప్పుడు టాపు కింద చేరిన నీళ్లన్నీ ఎడమవైపుకే జారాయి. రంధ్రం డ్రైవరు వెనక, చుక్క క్లీనరు కాళ్ల మీద. ఆ రంధ్రం చుట్టూ తుప్పు గీకి, చిన్న రేకు ముక్క వెల్డింగ్ పెట్టి, రెడాక్సైడ్ కొట్టి, సీలెంట్ వేశాం. ఎడమ మూల అద్దానికి కొత్తగా ఏదీ పూయలేదు. అక్కడున్న పాత సిలికాన్ గీకడానికి మాత్రం ఒక పూట పట్టింది.

అందుకే మా షెడ్డుకు వచ్చిన ప్రతి డ్రైవర్నీ కూర్చోబెట్టి అడుగుతాను. ఆగి ఉన్నప్పుడా, నడిచేటప్పుడా? జల్లుకా, గంటసేపు కురిస్తేనా? ఎండ వచ్చాక కూడా కారుతోందా? ఓనరు గారికి ఇవి తెలియవు. ఆ క్యాబిన్‌లో పడుకునేది డ్రైవరు.

అపోహ: సిలికాన్ ట్యూబు ఒకటి కొడితే అయిపోతుంది.

మామూలు సిలికాన్ ట్యూబు నొక్కగానే వెనిగర్ వాసన వస్తుంది, గమనించే ఉంటారు. ఆరేటప్పుడు దాంట్లోంచి వచ్చేది ఎసిటిక్ ఆమ్లం. పెయింటు లేచిపోయిన ఇనుప రేకు మీద దాన్ని పూస్తే కింద తుప్పు మొదలవుతుంది, పైన చూస్తే మాత్రం నున్నగా కనిపిస్తుంది. పైగా సిలికాన్ మీద పెయింటు పట్టదు, తర్వాత వేసే ఇంకో సీలెంటూ పట్టదు. ఎంసీల్ లాంటి ముద్దలు రాయిలా గట్టిపడతాయి. లారీ క్యాబిన్ గుంతలో పడ్డ ప్రతిసారీ వంగి లేస్తుంది, ఆ ముద్ద వంగలేదు కాబట్టి అంచులో చీలుతుంది. రేకు అతుకులకి పీయూ (పాలీయురెథేన్) సీలెంట్ వాడండి. అదీ తుప్పు గీకి, తుడిచి, పూర్తిగా ఆరాక. తడి రేకు మీద ఏది పూసినా దండగే.

ఇంకో మాట. లోపలి నుంచి పూయకండి. నీళ్లు రేకు అతుకు మధ్యకి వచ్చాక లోపల అడ్డం పెడితే అవి ఆగవు, దారి మార్చుకుంటాయి. లేదంటే ఆ అతుకులోనే నిలిచి రేకుని తినేస్తాయి.

అపోహ: వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ కొడితే లీకు బయటపడుతుంది.

ఆ ఒత్తిడికి మంచి రబ్బరు కింద నుంచి కూడా నీళ్లు దూరతాయి. లేని లీకు కనిపిస్తుంది, ఉన్న లీకు కనపడదు. మామూలు తోట పైపు చాలు, ముందు నాజిల్ కూడా వద్దు.

మ్యాట్లు, సీట్లు తీసేసి, ఫ్లోరు పొడిగుడ్డతో తుడవాలి. టాపు లైనింగు కనీసం అంచుల్లో విప్పాలి. అనుమానం ఉన్న చోట్ల ముఖానికి రాసుకునే పౌడరు చల్లితే చిన్న చుక్క పాకినా చార తెలుస్తుంది. లోపల ఒకరు టార్చితో, బయట ఒకరు పైపుతో. నీళ్లు పోయడం ఎప్పుడూ కింది నుంచి మొదలుపెట్టాలి. ముందు అద్దం కింది అంచు, వైపర్ ఇరుసులు బయటికొచ్చే రంధ్రాలు, తర్వాత పక్కలు, తర్వాత పై అంచు, గట్టరు (టాపు అంచున నీళ్లు పోయే గాడి), చివరికి టాపు. ముందే టాపు మీద పోస్తే నీళ్లు అన్నింటి మీదుగా దిగిపోతాయి, ఎక్కడ దూరిందో ఎవరూ చెప్పలేరు. ఒక్కో చోట కనీసం ఐదు నుంచి పది నిమిషాలు ఆగాలి. మా కుర్రాళ్లకి నేను రోజూ చెప్పేది ఇదే. రెండు నిమిషాలు పోసి "ఇక్కడ లేదన్నా" అంటారు. నీళ్లు చెక్క సందుల్లోంచి నడిచి రావాలి కదా, టైమివ్వాలి.

పైనంతా పొడిగా ఉంటే పైపుని ముందు చక్రం గూటిలో పెట్టండి. తడి రోడ్డు మీద టైరు చిమ్మే నీళ్లు పెడల్ రబ్బరు తొడుగులు, వైర్లు దూరే గ్రోమెట్ల (రబ్బరు రింగుల) దగ్గర లోపలికి వస్తాయి. నిలబడి ఉన్న బండి మీద వాన ఎంత కురిసినా ఈ లీకు తెలియదు.

అపోహ: కొత్త అద్దం రబ్బరు వేయిస్తే చాలు.

రబ్బరు ఎండి పగుళ్లిస్తే మార్చాల్సిందే. కానీ అది కూర్చునే రేకు అంచు తుప్పుపట్టి ఎగుడుదిగుడుగా ఉంటే, ఎంత మంచి రబ్బరైనా దాన్ని పట్టుకోలేదు. అద్దం దించాక ఆ అంచు చుట్టూ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. పొరలుగా రాలిందా, కొత్త రేకు వేసి తీరాలి. దాని మీద లప్పం పెట్టి నునుపు చేస్తే ఏడాది తిరక్కుండా ఉబ్బుతుంది. రబ్బరు గాడిలో గట్టిపడని బ్యూటైల్ సీలెంట్ వేస్తారు, రబ్బరుతో పాటు అదీ కదలాలి.

అపోహ: డోరు లోపలికి చుక్క కూడా పోకూడదు.

పోతుంది, పోవాలి. గ్లాసు పక్కన ఉండే బీడింగు కొంత నీటినే ఆపుతుంది. మిగతాది డోరు లోపల దిగి అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోయేలా చేశారు. బురద, ఎండుటాకులు పేరుకుని ఆ రంధ్రాలు పూడితే డోరు నీళ్ల డబ్బా అవుతుంది. డోరు ఊపితే గలగలమని చప్పుడొస్తే అదే. ఒక ఓనరు గారు దుమ్ము రాకుండా ఉంటుందని ఆ రంధ్రాలన్నీ శ్రద్ధగా మూయించుకుని వచ్చారు, రెండు డోర్ల అడుగు రేకూ మార్చాల్సి వచ్చింది. ఒక సన్నని తీగతో నెలకోసారి పొడిస్తే చాలు. డోరు లోపలి ప్యాడు వెనక ప్లాస్టిక్ షీటు ఉంటే దాన్ని చింపేయకండి, నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది అదే.

అపోహ: లావు రబ్బరు వేస్తే డోరు టైటుగా పడుతుంది.

డోరు ఒక మూల పట్టి ఇంకో మూల తెరుచుకుంటుంది, అంతే. ముందు డోరు ఎత్తి చూడండి, కీలు పిన్నులు అరిగి ఉంటే టకటకమని ఆడుతుంది. పిన్నులు మార్చి, లాకు సర్దాక, రబ్బరు మీద కాగితం ముక్క పెట్టి డోరు వేసి లాగండి. ఎక్కడ సులువుగా జారి వస్తే అక్కడ సందుంది.

అపోహ: ఫ్లోరు తడిగా ఉందంటే వాన నీళ్లే.

ఏసీ పెట్టించిన బళ్లలో డ్రైన్ పైపు పూడినా ఇదే తడి. వైపర్ వాషర్ గొట్టం ఊడినా ఇదే. వేలితో ముట్టి చూడండి. జిడ్డుగా ఉంటే క్లచ్ ఆయిలో, కూలెంటో అయి ఉంటుంది, వాన కాదు.

అపోహ: చిన్న చుక్కే కదా, గోనెసంచి వేస్తే సరిపోతుంది.

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. గోనెసంచి నీళ్లు పీల్చుకుంటుంది కానీ ఎండదు, పైన రబ్బరు మ్యాట్ ఉంటే వారాల తరబడి రేకుని తడిపి ఉంచుతుంది. వైర్ల జాయింట్లలో రాగి ఆకుపచ్చగా మారుతుంది. ముందు ఒక లైటు మినుకుమంటుంది, తర్వాత ఫ్యూజు పోతుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో రాగి తీగ చుట్టిన బళ్లు కూడా చూశాను. క్యాబిన్‌లో మంటలు లేవడానికి అంతకంటే ఏం కావాలి? పెట్రోలు బంకు పక్కన అదే క్యాబిన్‌లో మనిషి నిద్రపోతుంటాడు.

వాన ఆగిన రోజు మ్యాట్లు ఎత్తి, డోర్లు తెరిచి ఎండలో పెట్టండి. గోధుమరంగు చార ఎక్కడ కనిపించినా దాని మొదలు, చివర సుద్దముక్కతో గుర్తు పెట్టండి. షెడ్డుకు తెచ్చేముందు బండి కడిగించి ఆ గుర్తులు చెరిపేయకండి.