జర్మన్ ఉద్యోగాల పేర్లకు ‘ఇన్’ తోక: భార్య నుంచి అధికారి దాకా

తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారానో, ప్రైవేటు ఏజెన్సీల ద్వారానో జర్మనీలో నర్సు ఉద్యోగానికి వెళ్లాలనుకునే మన అమ్మాయిలు జర్మన్ క్లాసులో తొలి రోజుల్లోనే ఒక తోక నేర్చుకుంటారు. ‘లేరర్’ అంటే టీచరు, పంతులమ్మ అయితే ‘లేరరిన్’. ‘ఆర్ట్‌స్ట్’ అంటే డాక్టరు, డాక్టరమ్మ అయితే ‘ఎర్ట్‌స్టిన్’. చివర ‘ఇన్’ తగిలించాలి, కొన్ని మాటల్లో లోపలి అచ్చు కూడా కాస్త మారుతుంది. అంతే వ్యాకరణం.

తమాషా ఏమిటంటే, వాళ్లు వెళ్తున్న ఉద్యోగానికే ఈ సూత్రం సరిగ్గా అతకదు. పాత పుస్తకాల్లో నర్సు ‘క్రాంకెన్‌ష్వెస్టర్’, అంటే రోగుల సిస్టర్. మనమూ సిస్టర్ అనే పిలుస్తాం కానీ, అక్కడ చట్టంలోనూ అదే పేరు ఉండేది. మగవాళ్లను ‘సిస్టర్’ అనలేరు కాబట్టి వాళ్లకు ‘ప్ఫ్లేగర్’ అని వేరే మాట వాడారు. 2004లో అమల్లోకి వచ్చిన చట్టం సిస్టర్‌ను అధికారిక పేర్లలోంచి తీసేసింది. 2020 నుంచి ఆ పేరు ‘ప్ఫ్లేగెఫాఖ్‌ఫ్రౌ’, మగవారైతే ‘ప్ఫ్లేగెఫాఖ్‌మన్’. ఇందులో ‘ఫ్రౌ’ అంటే స్త్రీ, ‘మన్’ అంటే పురుషుడు.

‘ఇన్’ కొత్తగా పుట్టింది కాదు. ఒకప్పుడు దానికి ఇంకో అర్థం కూడా గట్టిగా ఉండేది: భార్య. మనకు దొర భార్య దొరసాని అయినట్టే, ప్రొఫెసరు గారి ఇల్లాలు ‘ప్రొఫెసరిన్’, పనిశాల యజమాని భార్య ‘మైస్టరిన్’. 18వ శతాబ్దంలో ఇంటిపేర్లకు కూడా ఈ తోక తగిలించేవారు. కవయిత్రి అన్నా లూయీజా కార్ష్‌ను అందరూ ‘కార్షిన్’ అనే పిలిచేవారు, ‘కార్ష్’ ఆమె భర్త ఇంటిపేరు.

ఆడవాళ్లు సొంతంగా ఆ ఉద్యోగాల్లోకి వచ్చేసరికి చిక్కు మొదలైంది. 1754లో హాలె విశ్వవిద్యాలయంలో డోరోతెయా ఎర్క్స్‌లేబెన్ వైద్యంలో డాక్టరేట్ పొందారు గానీ, ఆడవాళ్లందరికీ వైద్య పరీక్షల తలుపు తెరుచుకున్నది 1899లో. న్యాయమూర్తులు, లాయర్లు కావడానికి 1922 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంత కష్టపడి సంపాదించుకున్న హోదాకు భార్య అనే వాసన ఉన్న తోక ఎందుకు అనుకున్నవాళ్లు చాలామందే. పుంలింగం పేరే అసలైన హోదా అనిపించేది. 1961లో ఎలిజబెత్ ష్వార్ట్స్‌హౌప్ట్ పశ్చిమ జర్మనీ కేంద్రంలో మొదటి మహిళా మంత్రి అయినప్పుడు, అలాంటివారిని ‘ఫ్రౌ మినిస్టర్’ అనడమే మర్యాద. కింది ఉద్యోగాల దగ్గర మాత్రం ఈ మొహమాటం లేదు. టైపు కొట్టే అమ్మాయి ‘సెక్రెటేరిన్’, మంత్రి తర్వాతి స్థానంలో కూర్చునే పెద్దమనిషి ‘స్టాట్స్‌సెక్రెటేర్’.

తూర్పు జర్మనీలో కథ ఇంకో దారి పట్టింది. అక్కడ ఆడవాళ్లు ఫ్యాక్టరీల్లో, ప్రయోగశాలల్లో పెద్ద సంఖ్యలో పనిచేశారు. చాలామంది ‘నేను ఇంజెనియర్’ అని పుంలింగంలోనే చెప్పుకునేవారు. చిన్నతనం అనుకోలేదు సరికదా, మగవాడితో సమానమని చెప్పడానికి అదే దారి అనుకున్నారు. పశ్చిమాన స్త్రీవాదులకు అదే మాట ఆడవాళ్లను కనబడకుండా చేసేదిగా తోచింది. ఒకే పదం, అటు గౌరవం, ఇటు అవమానం. ఎవరు తప్పు అంటే నేను చెప్పలేను. రెండువైపులా అనుభవం నిజమే.

పశ్చిమాన 1970ల చివర్లో భాషాశాస్త్రవేత్తలు జెంటా ట్రోమెల్‌ప్లోట్స్, లూయీజె పుష్ ఈ వాదాన్ని ముందుకు తెచ్చారు. 1980లో ఇంకో ఇద్దరితో కలిసి వాడుక సూచనలు రాశారు. అదే ఏడాది పౌర చట్టంలో ఒక సెక్షన్ చేరింది: ఉద్యోగ ప్రకటన మగవారికే, ఆడవారికే అన్నట్టు ఉండకూడదు. మొదట అది సలహాలాంటిది, 1994లో తప్పనిసరి అయ్యింది. 2006 నాటి సమానత్వ చట్టం వచ్చాక ప్రకటనలో పేరు తప్పు రాస్తే పరిహారం కట్టాల్సి వస్తుందేమోనని కంపెనీలకు టెన్షన్ పట్టుకుంది. నా లెక్కలో సిద్ధాంతాల కన్నా ఈ టెన్షనే భాషను త్వరగా మార్చింది. మూడో లింగాన్ని 2018 చివర్లో చట్టం గుర్తించాక బ్రాకెట్లో ‘ఎమ్, వే, డే’ (పురుషుడు, స్త్రీ, ఇతరులు) అని మూడక్షరాలు కూడా మామూలైపోయాయి.

అన్ని పేర్లకూ ‘ఇన్’ నప్పలేదు. వ్యాపార ఉద్యోగి ‘కౌఫ్‌మన్’కు ‘కౌఫ్‌ఫ్రౌ’ వచ్చింది. మంగలి పనిచేసే ఆవిడకు ఫ్రెంచి నుంచి వచ్చిన ‘ఫ్రిజోజె’ పోయి ‘ఫ్రిజోరిన్’ నిలిచింది. మసాజు చేసే ఆవిడను ‘మసోజె’ అంటే వేశ్యావృత్తి అర్థం వచ్చేది, అందుకే అక్కడా ‘మసోరిన్’ కావలసి వచ్చింది. మంత్రసాని ‘హేబమె’ది తిరగబడ్డ కథ: 1985లో మగవారికోసం కొత్త పేరు కల్పించారు, 2020లో దాన్ని తీసేసి మగవాళ్లయినా సరే హేబమె అనే అన్నారు.

2005లో అంగెలా మెర్కెల్ గెలిచారు. ప్రభుత్వాధినేత పదవికి రాజ్యాంగంలో ఉన్నది ‘బుండెస్‌కాన్స్‌లర్’ (ఛాన్సలర్) అనే పుంలింగం పేరు. ఆమెను మాత్రం అందరూ ‘బుండెస్‌కాన్స్‌లరిన్’ అన్నారు. జర్మన్ భాషా సంఘం ఆ ఏటి మాటగా దాన్నే ఎంచుకుంది.

ఇప్పుడు గొడవ ఏకవచనంలో లేదు, బహువచనంలో ఉంది. ‘లేరర్’ అని బహువచనంలో రాస్తే పంతులమ్మలు కూడా వచ్చినట్టేనా? ‘లేరర్*ఇన్నెన్’ అని మాట మధ్యలో నక్షత్రం గుర్తు పెట్టి అందరినీ కలపాలా? 2020లో న్యాయశాఖ ఒక బిల్లు ముసాయిదాను మొత్తం స్త్రీలింగంలో రాస్తే హోంశాఖ అభ్యంతరం చెప్పి వెనక్కి మార్పించింది. 2024 ఏప్రిల్ నుంచి బవేరియా తన ఆఫీసుల్లో, బడుల్లో నక్షత్రాన్ని నిషేధించింది. ‘ఇన్’ జోలికి మాత్రం పోలేదు.

ఆ తోక ఇంకా చేరని చోటు సైన్యం. 2001 నుంచి అన్ని విభాగాల్లో ఆడవాళ్లున్నా హోదాల పేర్లు మారలేదు. 2020లో స్త్రీలింగం పేర్లు పెడదామన్న ప్రతిపాదన వస్తే మహిళా సైనికుల్లోనే చాలామంది వద్దన్నారు, అప్పటి రక్షణ మంత్రి అన్నెగ్రెట్ క్రాంప్ కారెన్‌బౌవర్ కూడా పక్కన పెట్టేశారు. ఆమె అప్పట్లో ‘మినిస్టరిన్’, సైన్యంలోని మహిళా కెప్టెన్ మాత్రం నేటికీ ‘ఫ్రౌ హౌప్ట్‌మన్’.