అదనపు జిల్లా జడ్జి ‘చిన్న జడ్జి’ కాదు: అపోహలు - వాస్తవాలు

అపోహ: అదనపు జిల్లా జడ్జి ఇచ్చిన తీర్పు మీద ప్రిన్సిపల్ జిల్లా జడ్జి దగ్గర అప్పీలు వేసుకోవచ్చు.

వేసుకోలేరు. కక్షిదారులకు అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇదే. అదనపు జడ్జి తన ముందున్న కేసులో వాడేది జిల్లా జడ్జి అధికారాలనే. రాజ్యాంగం 236వ అధికరణం ‘జిల్లా జడ్జి’ అన్న మాటలోనే అదనపు జిల్లా జడ్జిని కూడా చేర్చింది. ఆయన ఇచ్చిన డిక్రీ (సివిల్ దావాలో తుది ఉత్తర్వు) మీద అప్పీలు నేరుగా హైకోర్టుకే, గడువు 90 రోజులు. ‘పెద్ద జడ్జి గారికి అర్జీ పెడదాం’ అని ఎవరో చెబితే నమ్మి తిరిగేలోపు ఆ గడువు కాస్తా కరిగిపోతుంది. తర్వాత లిమిటేషన్ చట్టం (కేసులకు, అప్పీళ్లకు గడువులు చెప్పే చట్టం) 5వ సెక్షన్ కింద ఆలస్యం మాఫీ పిటిషన్ వేసి, ఆలస్యానికి తగిన కారణం చూపాలి.

తీర్పు వచ్చిన వారంలోపే సర్టిఫైడ్ కాపీకి (కోర్టు ధ్రువీకరించిన నకలుకు) దరఖాస్తు పెట్టండి. కాపీకి పట్టిన సమయాన్ని గడువులోంచి మినహాయిస్తారు. కానీ కాపీ సిద్ధమయ్యాక మీరు వెళ్లి తీసుకోని రోజులకు, చార్జీలు కట్టమన్నాక మీరు చేసిన జాప్యానికి మినహాయింపు ఉండదు. ఆ తేదీలన్నీ కాపీ మీదే ఉంటాయి, దాచలేరు. గడువు దాటాక దరఖాస్తు పెడితే ఈ మినహాయింపే లేదు.

అపోహ: కేసును అదనపు కోర్టుకు పంపారంటే పక్కన పడేసినట్టే.

పని పంచుకోవడం అంతే. దాన్నే మేడోవర్ అంటారు. భయపడాల్సింది బదిలీకి కాదు, పాత కోర్టు హాల్లోనే కూర్చుని పిలుపు వినకపోవడానికి. వాది రాకపోతే దావా డిఫాల్టులో కొట్టేస్తారు, పునరుద్ధరణకు 30 రోజులే. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఇచ్చే ప్రత్యేక సంఖ్య) కొట్టి, వాయిదా ముందురోజు కోర్టు పేరు చూసుకోండి.

సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 24వ సెక్షన్ కింద ప్రిన్సిపల్ జిల్లా జడ్జి దావాను ఏ దశలోనైనా వెనక్కి తీసుకోగలరు. సెషన్స్ కేసునైతే (తీవ్రమైన క్రిమినల్ కేసునైతే) విచారణ మొదలు కాకముందే తీసుకోవాలి. రెంటిలోనూ కేసును మార్చగలరే తప్ప తీర్పును మార్చలేరు.

అపోహ: అదనపు జడ్జి తాత్కాలికం.

హైకోర్టు అదనపు జడ్జితో కలిపేసిన గందరగోళం ఇది. రెండేళ్ల పరిమితి 224వ అధికరణం కింద హైకోర్టులో నియమించే వారికి, జిల్లాల్లో వారికి కాదు.

అపోహ: పెద్ద శిక్షలు వేయలేరు.

క్రిమినల్ కేసులు వినేటప్పుడు అదనపు జిల్లా జడ్జే అదనపు సెషన్స్ జడ్జి; ఆయన చట్టం అనుమతించిన ఏ శిక్షైనా వేయగలరు. మరణశిక్షకు హైకోర్టు ధ్రువీకరణ కావాలి, ప్రిన్సిపల్ సెషన్స్ జడ్జి వేసినా అంతే.