పాత బోటు మోటారు పలకకపోతే: తాడు లాగే ముందు వదిలేయాల్సిన అపోహలు

శ్రీశైలం డ్యాముకు వరద మొదలైన వారం మా షెడ్డు ముందు జాతరే. డ్యాము వెనక జలాల్లో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో బయటపడుతుంది, నీళ్ళు ఎక్కడికో వెనక్కి పోతాయి, పడవలు ఎండిన ఒండ్రులో బోర్లా పడుంటాయి. మోటార్లను విప్పి ఇంట్లో ఓ మూల పెట్టి గోనెసంచి కప్పేస్తారు. నీళ్ళు ఎక్కడం మొదలు కాగానే అన్నీ ఒకేసారి కావాలి. ముచ్చుమర్రి వైపు నుంచి ఆటోలో ఒకటి దిగుతుంది, ముసలిమడుగు నుంచి ట్రాక్టర్ ట్రాలీలో రెండు. అందరిదీ ఒకటే మాట: "పోయిన సీజన్లో బాగానే నడిచిందన్నా. ఇప్పుడేమో ఒకరోజు పలుకుతుంది, రెండ్రోజులు పలకదు."

నందికొట్కూరులో మోపెడ్లు బాగుచేస్తూ ఈ బోటు మోటార్లలోకి వచ్చినవాణ్ణి నేను. నా దగ్గరికొచ్చేవి దాదాపు అన్నీ పెట్రోల్లోనే ఆయిల్ కలిపి నడిపే పాత టూస్ట్రోక్‌లు, మధ్యమధ్యలో కోస్తా నుంచి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చిన కిరోసిన్ మోటార్లు. వాటితో పాటు వచ్చే నమ్మకాలు కూడా ఏటా అవే.

అపోహ: "ముసలిదైపోయింది, ఇక దీని పని అయిపోయినట్టే."

మోటారు బతికుందో లేదో చెప్పేది కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే బలం, తయారైన సంవత్సరం కాదు. స్పార్క్ ప్లగ్గులు రెండూ తీసి, కంప్రెషన్ గేజ్ పెట్టి, యాక్సిలేటర్ పూర్తిగా తెరిచి తాడు లాగి చూడండి. రెండు సిలిండర్లకూ రీడింగ్ బాగుండి, దాదాపు ఒకటే వస్తే, అంటే తేడా 10 శాతం లోపుంటే, దానికి ఇంకా ఆయుష్షుంది. ఒకటి గానీ రెండూ గానీ బాగా తక్కువ చూపిస్తేనే పిస్టన్ రింగులో, గ్యాస్కెట్టో అని ఆలోచించాలి. నేను చూసినంతలో వీటిని చెడగొట్టేది వయసు కాదు, ఖాళీగా పడుండే ఆ నాలుగైదు నెలలు. కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. పెట్రోలు వచ్చే జెట్టు రంధ్రం సూది మొనంత ఉంటుంది, దాన్ని మూయడానికి ఆ జిగురు చాలు. రంధ్రం సగమే మూసుకుపోతే చోక్ లాగినప్పుడు పలికి, చోక్ తోయగానే చచ్చిపోతుంది. ఆ లక్షణం కనిపిస్తే ఇంకెక్కడా వెతకొద్దు, కార్బొరేటర్ విప్పండి. జెట్టులో ఇనుప తీగ మాత్రం దూర్చొద్దు, రంధ్రం పెద్దదైతే కొత్త జెట్టు వేయాల్సిందే. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొడితే పోతుంది.

అపోహ: "స్టార్ట్ కావట్లేదంటే ప్లగ్గే."

ప్లగ్ చవక కాబట్టి ఈ అపోహ బాగా నడుస్తోంది. పోయిన ఏడాది ఒకాయన మూడు ప్లగ్గులు మార్చి, భుజం పట్టేసి వచ్చాడు. పొద్దున పలుకుతుందట, ఐదు నిమిషాలు నడిచి నది మధ్యలో ఆగిపోతుందట, కాసేపాగితే మళ్ళీ పలుకుతుందట. నేను మోటారు వైపు కాదు, ట్యాంకు వైపు వెళ్ళాను. పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు పిండేసిన నిమ్మడిప్పలా లోపలికి అతుక్కుపోయి ఉంది. ట్యాంకు మూత మీది చిన్న గాలి స్క్రూ రెండు చుట్లు వదులు చేశాను. ఉస్సుమని గాలి లోపలికి పోయింది, బల్బు మెల్లగా ఉబ్బి మామూలుగా అయ్యింది. అంతే. ఆటోలో వచ్చేటప్పుడు పెట్రోలు ఒలక్కుండా ఆయనే ఆ స్క్రూ బిగించాడు, విప్పడం మర్చిపోయాడు. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు బయటికి ఎట్లా వస్తుంది? డబ్బు తీసుకోవడానికి నాకే మొహమాటమేసింది. టీ మాత్రం తాగాను.

అందుకే నా వరుస ఎప్పుడూ బయటి నుంచి లోపలికి. ముందు ఎర్ర క్లిప్పు, అదే చేతికి కట్టుకునే తాడుది, మోటారు ఆపే స్విచ్చులో పెట్టి ఉందా? లేకపోతే కరెంటే రాదు. గేరు న్యూట్రల్‌లో ఉందా? గాలి స్క్రూ తెరిచి ఉందా? తర్వాత బల్బు. దాని మీద బాణం గుర్తు ఇంజిన్ వైపు చూడాలి, పిండితే నాలుగైదు సార్లలో గట్టిపడాలి. ఎంత పిండినా మెత్తగానే ఉంటే పైపులో ఎక్కడో గాలి లాగుతోంది, లేదా బల్బులోని వాల్వు పోయింది. ఇవన్నీ చూశాకే పైకవర్ తీయాలి, ప్లగ్ విప్పాలి.

ప్లగ్ విప్పాక అది చెప్పేది వినాలి, వెంటనే పారేయకూడదు. తడిగా ఉండి పెట్రోలు వాసన కొడితే పెట్రోలు ఓవర్ అయ్యిందని. చోక్ పూర్తిగా తోసేసి, యాక్సిలేటర్ తెరిచి, ప్లగ్ లేకుండా పదిసార్లు లాగండి, లోపలిది బయటికి పోతుంది. అట్లా లాగేటప్పుడు ప్లగ్ వైర్‌ను బాడీకి ఆనించి దూరంగా ఉంచండి, ఒక్క నిప్పురవ్వ చాలు. ప్లగ్ పొడిగా ఉంటే లోపలికి పెట్రోలు రావట్లేదని. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువైందని. ప్లగ్ కొనల మధ్య గ్యాప్ కూడా చూడండి. ప్లగ్ మీద ఎన్‌జీకే (కంపెనీ పేరు) బీ7హెచ్ఎస్-10 అని రాసి ఉంటే ఆ చివరి 10 అంటే గ్యాప్ 1.0 మిల్లీమీటరు. ఆ పదంకె లేని బీ7హెచ్ఎస్ తెచ్చి వేస్తే గ్యాప్ వేరు. ఈ రెంటినీ ఒకటే అని అమ్మే కొట్లున్నాయి.

అపోహ: "పెట్రోలు పెట్రోలే, ఎండాకాలం ముందుదైనా పర్లేదు."

కార్బొరేటర్ గిన్నె కింది స్క్రూ విప్పి, అందులోది ఖాళీ క్వార్టర్ సీసాలో పట్టి వెలుతురుకి పెట్టి చూడండి. చాలాసార్లు అడుగున ఒక పొర వేరుగా, పైన పెట్రోలు వేరుగా, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం వరకు ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. సగం ఖాళీ ట్యాంకు నెలల తరబడి పడుంటే తేమ చేరుతూనే ఉంటుంది. హద్దు దాటాక ఆ నీళ్ళు ఇథనాల్‌ను కూడా వెంటబెట్టుకుని అడుగుకు దిగుతాయి. ట్యాంకులో పైపు పీల్చేదేమో అడుగు నుంచే. ఇంకో ప్రమాదం, మనం కలిపిన టూటీ (టూస్ట్రోక్) ఆయిల్ పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. అంటే అడుగు పొర ఇంజిన్‌లోకి పోతే ఆయిల్ లేకుండా పోయినట్టే. పాత రబ్బరు పైపులు కూడా ఈ పెట్రోలుకు లోపల ఉబ్బి పొరలు ఊడతాయి. బయటికి నిగనిగలాడుతుంటాయి, కోసి చూస్తే లోపల నల్లటి పొట్టు.

అపోహ: "ఆయిల్ ఎంత ఎక్కువ పోస్తే ఇంజిన్‌కు అంత మంచిది."

కాదు. 50కి 1 (పెట్రోలు 50 పాళ్ళకు ఆయిల్ ఒక పాలు) అని రాసి ఉన్న మోటారుకు లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని ఉన్నదానికి 40. అంతకు మించితే పొగ, మసి, నల్లబడ్డ ప్లగ్. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని చూసి కొనండి, అది నీళ్ళతో చల్లబడే బోటు ఇంజిన్ల కోసం చేసిన ఆయిల్. స్కూటర్ ఆయిల్ దానికి బదులు కాదు.

అపోహ: "చల్లగా ఉన్నప్పుడు పలుకుతోంది, వేడెక్కాక పలకట్లేదు, కాబట్టి ఎండ దెబ్బే."

కర్నూలు ఎండ గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. కానీ ప్రతిదీ దాని మీదికి నెట్టేస్తే ఎట్లా? ఆగిపోయిన ఆ నిమిషంలోనే స్పార్క్ చూడండి. స్పార్క్ లేదు, అరగంట చల్లారాక మళ్ళీ వచ్చిందంటే ఇగ్నిషన్ కాయిల్ గానీ, సీడీఐ (స్పార్క్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) గానీ వేడికి పడిపోతోంది. సీడీఐ బదులు కాంటాక్ట్ పాయింట్లున్న పాత మోడలైతే కండెన్సర్ కూడా కావచ్చు. స్పార్క్ బాగుంటే అప్పుడు పెట్రోలు వైపు చూడండి. నిజంగానే పైపులో ఆవిరి పట్టి ఉండొచ్చు, లేదా వేడి ఇంజిన్‌కు అలవాటు కొద్దీ మళ్ళీ చోక్ లాగి మీరే ఓవర్ చేసి ఉండొచ్చు. ఈ రెండోదే ఎక్కువ చూస్తాను. ఇంకోటి, చల్లారాక కూడా అన్నీ బాగానే ఉండి తాడు చేతిని వెనక్కి గుంజుతుంటే, మాగ్నెట్ చక్రాన్ని షాఫ్ట్‌కు కదలకుండా పట్టి ఉంచే కీ సగం తెగిందేమో చూడాలి. స్పార్క్ పడే టైమింగ్ తప్పిపోయి ఉంటుంది.

కిరోసిన్ మోటార్ల వాళ్ళకు ఒక్క మాట. అవి పెట్రోలు మీద పలికి, వేడెక్కాక కిరోసిన్‌కు మారతాయి. ఒడ్డుకు రెండు నిమిషాల ముందే ఇంధనం మార్చే కాక్ మళ్ళీ పెట్రోలుకు తిప్పకుండా ఆపేస్తే, గిన్నెలో కిరోసిన్ నిలిచిపోతుంది. పొద్దున్నే ఎంత లాగినా పలకనిది అందుకే. దీన్ని బాగుచేయడానికి మెకానిక్ అక్కర్లేదు.

"ఒక్క నిమిషమే కదా" అని నీళ్ళు లేకుండా నడిపి చూపించేవాళ్ళున్నారు. ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ళు తోడే ఇంపెల్లర్ రబ్బరుది, నీళ్ళే దానికి ఆయిల్. పొడిగా తిరిగితే కాలిపోతుంది. డ్రమ్ములో కింది గేరు భాగం, నీళ్ళు పీల్చే రంధ్రాలు మునిగేదాకా నీళ్ళు పోసి అప్పుడు తాడు లాగండి. పక్క నుంచి సన్నటి ధార రాకపోతే వెంటనే ఆపండి. వెనక జలాల ఒండ్రు కూడా ఆ దారి మూసేస్తుంది, మంచినీళ్ళే కదా అని ధీమా వద్దు.

మళ్ళీ నీళ్ళు తగ్గి పడవ ఒడ్డెక్కినప్పుడు, ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్ గిన్నె స్క్రూ విప్పి అందులోది వదిలేయండి. ప్లగ్ రంధ్రంలో చెంచాడు టూటీ ఆయిల్ పోసి తాడు మెల్లగా నాలుగుసార్లు లాగి ప్లగ్ బిగించండి, మోటారును నిటారుగా నిలబెట్టండి. గోనెసంచి మాత్రం వద్దు. ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరికేసిన మోటార్లు ఈ సీజన్లోనే రెండొచ్చాయి.