మ్యాప్ పాయింటింగ్: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో పదో తరగతి పిల్లలకు సాంఘిక శాస్త్రం చెబుతున్న నన్ను, సంక్రాంతి సెలవులు ముగిశాయంటే చాలు, తల్లిదండ్రులు ఒకటే అడుగుతారు: "సార్, పరీక్షలో మ్యాపు మీద గుర్తించమని ఏవి అడుగుతారో చెప్పండి, మావాడి చేత బట్టీ పట్టిస్తాం." ఈసారి ఫలానా నదులే వస్తాయట, ఫలానా నగరాలే వస్తాయట అంటూ వాట్సాప్‌లో తిరిగే జాబితాలకు ఏ ఆధారమూ లేదు, దయచేసి వాటిని పిల్లల చేతికి ఇవ్వకండి. అయితే వాటికంటే ఎక్కువ మార్కులు పోగొట్టే అపోహ వేరే ఉంది: చుక్క ఎక్కడ పెట్టాలో కంటికి అలవాటైతే చాలునని.

కంటికి అలవాటయ్యేది సాధన చేసిన ఆ ఒక్క కాగితమే. అవుట్‌లైన్ మ్యాపు సైజు మారినా, అందులో రాష్ట్రాల సరిహద్దులు లేకపోయినా ఆ అలవాటు అక్కరకు రాదు. కిందటేడు చక్కగా చదివే ఒక అమ్మాయి ప్రీఫైనల్‌లో లక్నోను నేపాల్‌లోకి నెట్టి, భోపాల్‌ను మహారాష్ట్రలోకి దించి, పేపరు చేతికి రాగానే కన్నీళ్లు పెట్టుకుంది. ఆమె కష్టపడకపోవడం వల్ల అలా జరగలేదు. ఇంట్లో చూసిన గీతలు పరీక్ష పటంలో లేవు, అంతే.

ఆ అమ్మాయి చేత అట్లాసు తెరిపించి, కన్యాకుమారి కొన నుంచి నిలువుగా స్కేలు పెట్టమన్నాను. బెంగళూరు, భోపాల్, ఢిల్లీ దాదాపు ఆ అంచు వెంటే కనిపించాయి, ఎందుకంటే ఈ నాలుగూ 77, 78 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్యే ఉన్నాయి. చెన్నై, మన విజయవాడ, జబల్‌పూర్, లక్నో 80 డిగ్రీలకు అటూ ఇటూగా వరుసలో ఉంటాయి. అడ్డంగా చూస్తే చెన్నై, బెంగళూరు, మంగళూరు మూడూ 13 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరే. కచ్ నుంచి మిజోరం వరకు కర్కటరేఖను పెన్సిల్‌తో పల్చగా గీసుకుంటే భోపాల్, కోల్‌కతా రెండూ దానికి కొద్దిగా దక్షిణాన కుదురుకుంటాయి. ఈ రేఖ వెళ్లే ఎనిమిది రాష్ట్రాలలో ఒడిశా, బీహార్ లేవని కూడా అప్పుడే కంటికి తెలుస్తుంది. ఇలా ఒక ఊరిని మరో ఊరితో ముడిపెట్టి నేర్చుకున్న విద్యార్థికి ఏ పటం ఇచ్చినా చెయ్యి వణకదు.

నదులన్నీ పటంలో కిందికే ప్రవహిస్తాయన్నది మరో అపోహ. పటంలో పైభాగం ఉత్తర దిక్కే గాని ఎత్తైన ప్రదేశం కాదు. చంబల్, బేత్వా, సోన్ నదులు ఉత్తరం వైపు సాగి గంగా, యమునలలో కలుస్తాయి. ఇంట్లో వాస్తు మాటల వల్ల ఈశాన్యం, నైరుతి తెలిసిన పిల్లలు కూడా పటం ముందు తడబడటం చూస్తే జాలేస్తుంది.

పటం స్కేలు అంటే పటంలోని దూరానికీ నేల మీది దూరానికీ ఉన్న నిష్పత్తి. పెద్ద స్కేలు పటం పెద్ద ప్రాంతాన్ని చూపుతుందన్నదీ తప్పే. విజయవాడ, గుంటూరుల మధ్య సరళరేఖలో సుమారు 32 కిలోమీటర్లు. 1:50,000 టోపోషీటు (చిన్న ప్రాంతాన్ని వివరంగా చూపే సర్వే పటం) కొలతలో అది 64 సెంటీమీటర్లు, 1:10,00,000 పటంలో కేవలం 3.2 సెంటీమీటర్లు. మొదటిదే పెద్ద స్కేలు, కానీ అంతే కాగితంలో అది చూపే ప్రాంతం తక్కువ. పటాన్ని జిరాక్సులో పెద్దది చేస్తే దానిపై ముద్రించిన నిష్పత్తి ఇక పనికిరాదు. పటంతోపాటు సాగే రేఖా స్కేలు (పటం మీదే ముద్రించిన కొలత గీత)తోనే దూరం కొలవాలి.