ఫారం నింపనివాళ్ల మాటేమిటి? దూరవిద్యపై అపోహలు - వాస్తవాలు

"ఫీడ్‌బ్యాక్ బ్రహ్మాండంగా వచ్చిందండీ, కోర్సు బాగా నడిచినట్టే." ప్రతి సెమిస్టరు చివరా ఈ మాట వింటాను. దూరవిద్య కోర్సులకు ఇంతకన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ నాకు కనబడలేదు.

ఆ ఫీడ్‌బ్యాక్ ఫారం నింపేది చివరిదాకా నిలిచినవాళ్లే. 60 మంది చేరి 22 మంది నింపారనుకోండి. 5కి 4.5 వచ్చినా అది ఆ 22 మంది అభిప్రాయమే. మిగతా 38 మంది ఎక్కడ ఆగిపోయారో ఆ సగటు చెప్పదు. శిక్షణను అంచనా వేయడానికి అమెరికా విద్యావేత్త డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే నాలుగు మెట్లు చెప్పారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, ఫలితం వచ్చిందా. మన ఫారాలు మొదటి మెట్టు దాటవు.

ఒకసారి మొదటి అసైన్‌మెంట్ రానివాళ్ల జాబితా తీసి వరసగా ఫోన్లు చేశాను. ఒకమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఫైలు ఎక్కించాను సార్. కింద 'సమర్పించు' అని ఇంకో బటన్ ఉందని తెలీదు. సున్నా పడేసరికి ఈ చదువు నావల్ల కాదనుకున్నాను" అంది. తెరిచి చూస్తే ఫైలు డ్రాఫ్టులోనే ఉంది. జవాబులన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాకు గుండె కలుక్కుమంది. ఆ పేజీకి అనుమతి ఇచ్చింది నేనే.

అప్పటినుంచి ఇవి కోర్సు ప్రణాళికలోనే రాస్తున్నాను: మొదటి వారంలో మార్కుల్లేని చిన్న అసైన్‌మెంట్, పంపడం అలవాటవడానికి. పదో రోజున లాగిన్ కానివాళ్ల జాబితా, వాళ్లకు ఫోన్లు. ఏం కొలవాలో ముందే అనుకోకపోతే కోర్సు అయ్యాక వెతికినా ఆ లెక్కలు దొరకవు.

తరగతి పాఠం రికార్డు చేసి పెడితే చాలంటారు. చాలదు. నేర్పేది మాధ్యమం కాదు, బోధన పద్ధతి అని విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ 1983లోనే వాదించారు. లాగిన్ గంటలు చదువుకు కొలమానమా? పేజీ తెరిచి వదిలేసినా గంటలు పెరుగుతాయి. ఇక దూరవిద్య నిన్నమొన్నటి ప్రయోగమనే పుకారు వినీ వినీ విసుగొచ్చింది. లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే, తన కాలేజీల్లో చేరకుండా బయట చదువుకునేవాళ్లకు డిగ్రీ పరీక్షలు తెరిచింది.

వెనకబడ్డామని భయపడుతున్న విద్యార్థులు మానేసే ముందు ఒక్క పని చేయండి. ఎక్కడ ఆగారో ఒక్క వాక్యం రాసి, ఆ తెర ఫొటో తీసి మీ అధ్యాపకులకు పంపండి. అదే చోట ఇంకొందరూ ఆగి ఉంటారు. ఆ పేజీ సరిచేయాల్సింది మేము.